బట్టలారేసే నీలం తాడు

ఆరేళ్ళుగా ఒక మాట మోస్తున్నాను. నెత్తి మీద మూటైతే ఎదురొచ్చినవాళ్ళు ఎవరైనా ఒక చెయ్యి వేసి దించుతారు. ఇది గొంతులో ఉంది. అన్నం దిగుతుంది, నీళ్ళు దిగుతాయి, ఇది మాత్రం కిందికి దిగదు, పైకి రాదు.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. పేరు రాయను. ఊరు కూడా రాయను. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఒక ఊరు అనుకోండి. జీడితోటలు, కొబ్బరితోటలు, పనసచెట్లు, ఇసుక నేల. అంగన్‌వాడీలో పిల్లలకి ఆటపాటలు చెబుతాను, సాయంత్రం రిజిస్టర్లు రాస్తాను. ఎవరొచ్చారు, ఎవరు రాలేదు, ఎవరి బరువు పెరిగింది, అన్నీ ఉన్నదున్నట్టే రాసే చెయ్యి ఇది. ఈ ఒక్కటి రాయడానికి మాత్రం ఇన్నేళ్ళు వెనకాడింది.

మా ఊళ్ళో ఎవరినడిగినా నా గురించి ఒక కథ చెబుతారు. జీడితోటలో ఎలుగుబంటి మీదికొస్తే, పెంచుకున్న కుక్క అడ్డంపడి, పోరాడి, చచ్చి ఆవిడని బతికించిందని. అది పేపర్లో కూడా పడింది. ఆ ముక్కని మా ఆయన అట్టకి అంటించి, పైన ప్లాస్టిక్ వేయించి, టీవీ పక్కన గోడకి కొట్టాడు. అందులో నా ఫోటో ఉంది. తల వంచుకుని ఉంటాను. దుఃఖం అనుకుంటారు చూసినవాళ్ళు.

ఆ కథ అబద్ధం.

చూశారా, రాసేశాను. ఆకాశమేమీ విరిగి మీద పడలేదు. ఫ్యాను తిరుగుతూనే ఉంది. మిగతాది కూడా చెబుతాను. నాకు వరసగా చెప్పడం రాదు, కాస్త ఓపిక పట్టండి.

మా ఆయన నాకు మేనత్త కొడుకు. చిన్నప్పటి నుంచి బావా అనే పిలుపు, పెళ్ళయ్యాకా అదే. మా వైపు చాలామంది మగవాళ్ళలాగే తనూ వలస పనికి పోతాడు. దూరాన ఒక రేవులో ఓడలకి వెల్డింగు చేస్తాడు. ఏడాదికి రెండుసార్లు ఇంటికొస్తే ఆ ఏడు మాకు మంచి ఏడు. ఒక్కతే అమ్మాయి, హాస్టల్లో చదువుకుంటోంది. పెళ్ళయిన కొత్తలో, మళ్ళీ పనికి బయల్దేరే ముందు, కాశీబుగ్గ నుంచి ఒక గోధుమరంగు కుక్కపిల్లని బండి ముందు కూర్చోబెట్టుకుని తెచ్చాడు. అది దారి పొడుగునా హ్యాండిల్ మీద రెండు కాళ్ళూ పెట్టి, పడవ నడిపేవాడిలా నిలబడి వచ్చిందట. అందుకని సరంగు అని పేరు పెట్టాడు.

"నాను లేనప్పుడు ఇల్లు నడిపించీవోడు ఈడే" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. ఇల్లు నడిపేది నేను కదా. అత్తకి మందులు, తోటకి పాదులు, అంగన్‌వాడీ, వంట, అన్నీ నావి. పేరు మాత్రం కుక్కకా?

నవ్వొస్తోందా? నాకూ అప్పుడు నవ్వే వచ్చింది. కానీ ఆ మంట అడుగున ఎక్కడో ఉండిపోయింది. దాని సంగతి మీకు ముందే చెప్పడం మంచిది, ఎందుకంటే జరిగిందంతా అక్కడి నుంచే వచ్చింది.

సరంగు అంటే నాకిష్టం లేదని మాత్రం అనుకోకండి. అది నిజం కాదు. నిజం అలా ఉంటే నాకు ఎంత సుఖంగా ఉండేదో. పొద్దున నేను సెంటరుకి బయల్దేరితే ఊరి చివర బోరింగు దాకా వచ్చేది. అక్కడ ఆగి, నేను మలుపు తిరిగేదాకా చూసి, వెనక్కి వెళ్ళేది. ఒక్క రోజు కూడా బోరింగు దాటలేదు. వంటింట్లోకి రావొద్దని ఒకసారి కసిరితే మళ్ళీ ఎప్పుడూ లోపల కాలు పెట్టలేదు. గడప మీద గెడ్డం ఆనించి, నేను ఎటు కదిలితే అటు కళ్ళు తిప్పుతూ పడుకునేది. టీలో ముంచిన బన్ను అంటే దానికి ప్రాణం. మా అత్త పోయిన రోజున ఇంటినిండా జనం. నేను పెరట్లో నూతి పక్కన ఒక్కదాన్నీ కూర్చుంటే, అది వచ్చి నా వీపుకి వీపు ఆనించి కూర్చుంది. నా మొహం చూడలేదు, చెయ్యి నాకలేదు. ఊరికే ఆనుకుంది. మనుషులెవరికీ రాని పని అది.

అలాంటి దాని మీద నాకు కుళ్ళు. ఎందుకంటే బావ ఫోన్ చేస్తే మొదటి మాట, "సరంగు ఎలాగున్నాడు?" రెండో మాట, "సూపించు." మూడో మాటకి నా వంతు వచ్చేది. అప్పటికి నాకు మాట్లాడాలనిపించేది కాదు.

ఇప్పుడు మీకు మా తోటల సంగతి ఒకటి చెప్పాలి.

వేసవిలో జీడిపండ్లు రాలే రోజుల్లో మా తోటల్లోకి ఎలుగులు వస్తాయి. పండు తింటాయి, పనస తింటాయి. మనిషి ఎదురుపడితే మొహం మీద కొడతాయి. అందుకని ఆడవాళ్ళం ఒక్కళ్ళం వెళ్ళం. నలుగురం కలిసి, గట్టిగా మాట్లాడుకుంటూ, పళ్ళేల మీద కొట్టుకుంటూ వెళ్ళి, రాలిన పండ్ల నుంచి పిక్కలు తిప్పి తీసి సంచుల్లో వేసుకొస్తాం. కుక్కని మాత్రం తాడు లేకుండా తీసుకెళ్ళకూడదంటారు పెద్దవాళ్ళు. అది ఎలుగుని చూసి మొరుగుతుంది, రెచ్చగొడుతుంది, తీరా ఎలుగు తిరగబడితే పరిగెత్తుకొచ్చి మన కాళ్ళ మధ్యే దూరుతుంది. వెనకే ఎలుగూ వస్తుంది.

దానికి మావాళ్ళలో కొందరు కనిపెట్టిన ఉపాయం ఉంది. కుక్కని తోట అవతలి కొసన, ఎలుగు వచ్చే వైపు, చెట్టుకి కట్టేస్తారు. వాసన తగిలితే అది అక్కడే మొరుగుతుంది. మనం ఇవతల నుంచి జారుకోవచ్చు. గుడికి గంట కట్టినట్టు తోటకి కుక్కని కట్టడం. ఎలుగు చాలాసార్లు ఆ అరుపుకే వెనక్కి పోతుంది. చాలాసార్లు.

బావకి ఇది తెలుసు. అసహ్యం. "దాన్ని తోటలో కట్టకే. దానికి కట్టు పడదు" అని ప్రతిసారీ చెప్పి వెళ్ళేవాడు. నేను అప్పుడప్పుడూ కట్టేదాన్ని. తను దూరంగా ఉన్నాడు, కుక్కకి నోరు లేదు. ఎవరు చెబుతారు?

ఆ శనివారం సాయంత్రం గంజి వార్చబోతే చెయ్యి కాలింది. మోచేతి దాకా గుడ్డ చుట్టుకున్నాను. బావ వీడియో కాల్ చేశాడు. చేతి కట్టు కనబడేలా ఫోన్ పట్టుకున్నాను కూడా. దాచడమెందుకు, చూసి అయ్యో అనాలనే పట్టుకున్నాను. తను చూడలేదు. సరంగుని చూపించమన్నాడు. దానితో అయిదు నిమిషాలు మాట్లాడాడు. దాని చెవి వెనక చిన్న గోమారి పురుగు ఉంటే ఫోన్లోంచి కనిపెట్టి, "అది తీసీ ముందు" అన్నాడు. ఓడ మీద పని ఉందని పెట్టేశాడు.

రాత్రి గాలీ వానా వచ్చాయి. తెల్లారి ఆదివారం. గాలికి పండ్లు విపరీతంగా రాలి ఉంటాయి, తడికి పిక్క నల్లబడిపోతుంది. పక్కింట్లో ఉండే మా తోడికోడలిని, అక్కా అంటాను, రమ్మన్నాను. "మోకాలు నొప్పే. ఒక్కర్తివీ ఎల్లకు, రేపెల్దుం" అంది. నేను వినలేదు. కోపంగా ఉన్నప్పుడు నేను ఎవరి మాటా వినను, అది నా రోగం. సరంగుని తీసుకుని వెళ్ళాను.

అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు అంటారు కదా. నా కోపం కుక్క మీద తీర్చుకున్నాను. తోట కొసన పనసచెట్టు ఉంది. పండు పగిలి వాసన కొడుతోంది. ఎలుగు నేరుగా ఆ పండు కోసమే వస్తుంది, అక్కడ కట్టకూడదు. ఆ సంగతి నాకు తెలుసు. అక్కడే కట్టాను. బావ రేవు నుంచి తెచ్చిన నీలం నైలాను తాడు, ఎంత లాగినా తెగనిది. ఎప్పుడూ నాలుగు బారలు వదిలేదాన్ని. ఆ రోజు మూర కంటే ఎక్కువ వదల్లేదు, మిగతాదంతా చెట్టు మానుకే చుట్టేశాను. "ఉండు. నీ అయ్యకి సెప్పుకో" అన్నాను. దానితో నేను మాట్లాడిన ఆఖరి మాట అది.

ఇవతలికొచ్చి పిక్కలు ఏరుకుంటున్నాను. సంచి సగం నిండింది. సరంగు మొరగడం మొదలుపెట్టింది. ఉడత అయ్యుంటుంది అనుకున్నాను. నిజంగా అనుకున్నానా, లేక ఉడతే అయ్యుండాలని కోరుకున్నానా? ఇన్నేళ్ళు తవ్వినా ఆ ఒక్క క్షణం నాకు తేలడం లేదు. తర్వాత మొరుగుడు మారింది. తల ఎత్తి చూశాను. జీడికొమ్మలు కిందికి వాలి ఉంటాయి కదా, వాటి సందులోంచి నల్లగా కదిలింది.

నా బొడ్లో కత్తి ఉంది. చేతిలో స్టీలు పళ్ళెం ఉంది. పనసచెట్టు నాకు మా ఇంటికీ రోడ్డుకీ ఉన్నంత దూరం, వంద అడుగులుంటుందేమో. పళ్ళెం మీద కొట్టి ఉండొచ్చు. అరిచి ఉండొచ్చు. రాయి విసిరి ఉండొచ్చు. ఎలుగు మీదికి వెళ్ళమని ఎవరూ అనరు, ఏ మనిషీ వెళ్ళలేడు. కానీ అరవడానికేం? నేను అరవలేదు. అరిస్తే నేనెక్కడున్నానో ఎలుగుకి తెలుస్తుందని. పళ్ళెం చప్పుడవుతుందని ఇసుకలో మెల్లగా, రెండు చేతులతో, బోర్లించి పెట్టాను. ఆ జాగ్రత్త గుర్తొస్తే నా చేతులు నాకే పరాయివిగా కనిపిస్తాయి.

పక్క తోటలో మోటారు గది ఉంది. వెళ్ళి రేకు తలుపు వేసుకున్నాను.

లోపలికి అన్నీ వినబడ్డాయి. సరంగు మొరగడం ఆపేసింది. ఆపి, ఇంకో చప్పుడు మొదలుపెట్టింది. బావ వచ్చే రోజున బండి చప్పుడు వినబడగానే సన్నగా ఒక కూత కూసేది. అది. అది ఎలుగుని చూసి కూసే కూత కాదు. నన్ను చూసి కూసేది. నేనెటు వెళ్ళానో అది చూసింది. నేను వస్తాననుకుంది. చెవులు మూసుకున్నాను. తీసినప్పుడు ఇంకా వినబడుతోంది. మళ్ళీ మూసుకున్నాను.

ఎంతసేపో చెప్పలేను. తలుపు కింద నుంచి ఎండ నా పాదాల దాకా వచ్చింది. అప్పుడు బయటికి వచ్చాను.

ఇంకొకటి ఉంది. దీన్ని దాటేసి ముందుకు పోదామనుకున్నాను, ఈ కాగితం మీద కూడా. పోలేను.

నేను వెళ్ళేసరికి సరంగు బతికే ఉంది. ఎలుగు వెళ్ళిపోయింది. సరంగు పక్కకి పడి ఉంది. తాడు చెట్టు చుట్టూ తిరిగి తిరిగి, మూర కాస్తా జానెడు మిగిలింది. నన్ను చూసింది. తోకతో నేలని ఒక్కసారి కొట్టింది. కోపం లేదు దానికి. ఎందుకు ఆలస్యమైంది అని కూడా లేదు. వచ్చావు కదా, అన్నట్టు ఒక్కసారి.

అదే సమయానికి అవతలి తోటలోంచి మనుషుల మాటలు వినబడ్డాయి. కుక్క అరుపులు విని వస్తున్నారు. నా సంచి పక్కన నీళ్ళ సీసా ఉంది. దాని నోట్లో నాలుగు చుక్కలు పోయాలి. తల ఒళ్ళో పెట్టుకోవాలి. ఇవేవీ నేను ముందు చేయలేదు. ముందు కత్తి తీసి తాడు కోశాను. మెడ దగ్గర ఒకసారి, చెట్టు దగ్గర ఒకసారి. తాడు చుట్ట చుట్టి, పిక్కల సంచి అడుగున కుక్కాను. ఆ తర్వాత తల ఒళ్ళోకి తీసుకున్నాను. అప్పటికి అది పోయింది. బతికుండగా దానికి మిగిలిన ఆ కాస్త సేపూ నేను తాడుకి ఇచ్చాను.

వచ్చినవాళ్ళు చూశారు. నా చేతిలో కత్తి, చీరకి నెత్తురు, ఒళ్ళో కుక్క. "ఓలమ్మో, పిల్లని కాపాడి అది సచ్చిపోనాదర్రా!" అని ఒకావిడ గుండెలు బాదుకుంది. కథ అక్కడ పుట్టింది. నేను అల్లలేదు. కాదని కూడా అనలేదు. నోరు తెరిస్తే ఏడుపే వచ్చింది, ఆ ఏడుపు దేనికని ఎవరడుగుతారు?

ఆ రోజు నా నోటితో ఆడిన అబద్ధం మాత్రం ఒకటుంది. ఆ మధ్యాహ్నం బావ ఫోన్ చేశాడు. కథ ఎవరో అప్పటికే చెప్పేశారు. అయినా అడిగాడు.

"దాన్ని కట్టినావేటి?"

"నేదు బావా."

"ఇడిసే ఉన్నాదా?"

"ఇడిసే ఉన్నాది."

"మరి పారిపోనేదేటే? ఎలుగు కన్నా బేగి పరిగెడతాది కదా అది."

 జవాబు సంచి అడుగున ఉంది. మళ్ళీ తనే చెప్పుకున్నాడు. "నువ్వున్నావు కదా. నిన్నొగ్గీసి ఎలా పోతాది?" అని వెక్కివెక్కి ఏడ్చాడు. పెళ్ళయ్యాక బావ అలా ఏడవడం నేను వినడం అదే మొదలు, వాళ్ళమ్మ పోయినప్పుడు కూడా వినలేదు.

మూడో రోజుకి వచ్చాడు. అప్పటికే కొబ్బరిచెట్టు కింద పాతిపెట్టాం. అక్కడ కూర్చుని రెండు పూటలు అన్నం ముట్టలేదు. ఒంటరిగా ఎందుకెళ్ళావని నన్ను తిట్టలేదు. తిడితే చెప్పేసేదాన్నేమో. నా నెత్తి మీద చెయ్యి పెట్టి, "నిన్ను నాకు మిగిల్చినాది" అన్నాడు. ఇటుకలతో చిన్న దిమ్మె కట్టి, తడి సిమెంటు మీద వేలితో సరంగు అని రాశాడు. ఇప్పటికీ వచ్చినప్పుడల్లా టీలో బన్ను ముంచి అక్కడ పెడతాడు. కాకులు తింటాయి.

ఆ రోజు నుంచి బావ ఫోన్ చేస్తే మొదటి మాట నాకే. "తిన్నావా? ఎలాగున్నావు? ఒంటరిగా ఎల్లకు." నేను కోరుకున్నది నాకు దక్కింది. మీకు అర్థమవుతోందా? నేను కుళ్ళుకున్నది దేనికో, అది నాకు దక్కింది. ప్రతి సాయంత్రం ఫోన్ మోగుతుంది, ప్రతి సాయంత్రం దక్కుతుంది.

అంగన్‌వాడీ పిల్లలు కూడా ఈ కథే చెప్పమంటారు. "టీచరమ్మా, సరంగు కత సెప్పు." చెబుతాను. ఎలుగు ఎలా అరిచిందో అరిచి చూపిస్తాను. ఒకసారి ఒక చిన్నపిల్ల, నాలుగేళ్ళుంటాయి, బుగ్గన వేలు పెట్టుకుని ఆలోచించి, "మరి అది పారిపోవచ్చు కదేటి?" అంది. బావ చెప్పిన జవాబే చెప్పాను. మనమంటే ప్రేమ కదమ్మా, అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు.

తాడు సంగతి చెప్పాలి. పారేయలేకపోయాను. నూతిలో వేస్తే తేలుతుంది, కాలిస్తే వాసనొస్తుంది. కడిగి అటక మీద పెట్టాను. కొన్నాళ్ళకి అక్క దేనికో అటక వెతికి తీసింది. "ఇంత మంచి తాడు ఇక్కడ పడీసినావేటే" అని పెరట్లో రెండు స్తంభాలకీ కట్టేసింది. అప్పటి నుంచి మా బట్టలన్నీ దాని మీదే ఆరుతున్నాయి. బావ చొక్కాలు, నా చీరలు, సెలవులకి హాస్టల్ నుంచి వచ్చే మా అమ్మాయి బట్టలు. రోజూ క్లిప్పులు పెడుతూ ముట్టుకుంటాను. అలవాటైపోతుందనుకున్నాను. చెయ్యికి అలవాటైంది.

ఇంక కుక్క వద్దన్నాను. బావ రెండుసార్లు తెస్తానన్నాడు, వద్దన్నాను. సరంగు చోటు ఇంకోదానికి ఇవ్వలేవు, అంతే కదా, అని తనే సర్దుకున్నాడు. నేనేం చేసినా మంచిదాన్నే అవుతున్నాను. అది ఎంత నరకమో ఎవరికి చెప్పను?

రెండేళ్ళ కిందట అంగన్‌వాడీ దగ్గరికి ఒక కుక్కపిల్ల వచ్చింది. నల్లది, నుదుటి మీద తెల్లని బొట్టు. తల్లిని రోడ్డు మీద లారీ కొట్టేసింది. గుడ్డు పెంకుల కోసం వచ్చేది. తరిమాను. మళ్ళీ వచ్చింది. చీపురు తిరగేశాను. కాస్త దూరం పోయి కూర్చుంది. సాయంత్రం నేను ఇంటికి బయల్దేరితే నా వెనకే వచ్చింది. వద్దే, నా దగ్గరికి కాదే, ఈ ఊళ్ళో ఇంకెవరి దగ్గరికైనా పో అని నిజంగానే పైకి అన్నాను. అదేం విన్నది? గుమ్మం బయట నా చెప్పు మీద గెడ్డం పెట్టి పడుకుంది.

నెల రోజులు దాన్ని చేత్తో ముట్టుకోలేదు. అన్నం పెట్టేదాన్ని, దూరంగా. ఈ చేతులతో ముట్టుకుంటే అది నన్ను నమ్ముతుందని భయం. ఒక రోజు మధ్యాహ్నం పెద్ద వాన. తలుపు వేసుకుని కిటికీలోంచి చూశాను. అది పెరట్లో బట్టల తాడు కింద తడుస్తూ కూర్చుంది. అరవలేదు. పిలవలేదు. పిలిస్తే వస్తారని దానికింకా తెలియదు. అలా నోరు మూసుకుని కూర్చుంటే చూడలేక తలుపు తీశాను. వానలోకి వెళ్ళి ఎత్తుకున్నాను. దాని ఒళ్ళంతా వణుకుతోంది. కొంగులో చుట్టుకుని, వంటింట్లో పొయ్యి ముందు కూర్చుని, ఏడ్చాను.

అప్పుడు తెలిసింది. ఆ నాలుగేళ్ళూ నేను ఏడ్చిందంతా నా కోసమే. బయటపడుతుందేమోనని, బావ మొహం ఎలా చూడాలోనని. సరంగు కోసం ఏడ్చింది ఆ రోజే. నా వీపుకి ఆనుకున్న దాని వీపు కోసం, బోరింగు దగ్గర ఆగే ఆ నాలుగు కాళ్ళ కోసం ఏడ్చాను. దాన్ని ఎంత ప్రేమించానో ఇంకో కుక్కపిల్ల ఒళ్ళో ఉంటే గానీ నాకు తెలియలేదు.

చుక్క అని పేరు పెట్టాను. వంటింట్లోకి రానిస్తాను. కాళ్ళకి అడ్డం పడి తిట్లు తింటుంది.

మొన్న బావ సెలవు మీద వచ్చాడు. ఈసారి కూడా చుక్కని చూసి చిన్నపిల్లాడైపోయాడు. అది ఈ మధ్య లారీల వెనక పరిగెడుతోందని ఒక ఉదయం కట్టేద్దామన్నాడు. పెరట్లోకి వెళ్ళి, బట్టలు తీసి పక్కన పెట్టి, స్తంభాల నుంచి ఆ నీలం తాడు విప్పాడు. నేను వంటింట్లోంచి చూశాను. చుక్క మెడ దగ్గరికి ఆ తాడు వెళ్తోంది.

"ఒగ్గు బావా! ఆ తాడు ఒగ్గు!"

నా అరుపుకి అక్క గోడ మీదుగా తొంగిచూసింది. ఆరేళ్ళ కిందట రావలసిన అరుపు అది.

"ఏటే? ఏటైనాది?" అన్నాడు బావ, తాడు చేతిలోనే పట్టుకుని.

"దాన్ని కట్టకు. నీకు దండమెడతాను."

"రోడ్డు మీద లారీలు సూసినావా?"

"నాను సూసుకుంటాను. కట్టకు."

తాడు వైపు చూశాడు. ఓడకి తాళ్ళు కట్టుకుని వేలాడుతూ వెల్డింగు చేసే మనిషి తను. రేవు నుంచి తెచ్చినప్పుడు పీచు లేవకుండా రెండు కొసలూ లైటరుతో కాల్చి తెచ్చాడు. ఇప్పుడు రెండు కొసలూ పీచులే. ఒక కొసని బొటనవేలితో రాసి చూశాడు.

"దీన్నెవులు కోసీసినారు?"

చెప్పడానికి అంతకంటే మంచి సమయం దేవుడు కూడా ఇవ్వలేడు. పొద్దుటి వెలుగు, బావ చేతిలో తాడు, అడిగిన ప్రశ్నకి ఒకటే జవాబు. నా పెదాలు కదిలాయి.

"అక్క కోసుంటాది" అన్నాను.

తను తలూపాడు. లైటరు తీశాడు. కొసని తిప్పి తిప్పి కాల్చాడు, వేళ్ళు తడి చేసుకుని నొక్కాడు. రెండో కొస కూడా అంతే. నా కత్తి గాటు నా కళ్ళ ముందే మూసుకుపోయింది. మళ్ళీ స్తంభాలకి కట్టి, బట్టలు ఒక్కొక్కటే ఆరేశాడు. చుక్క తల నిమురుతూ, "సరంగు మీద నీకెంత పేమో నాకు తెల్దేటే" అన్నాడు. కళ్ళు తడిగా ఉన్నాయి. ఏమీ అనుమానించలేదా? లేక అనుమానించి, కొస కాల్చేసి ఊరుకున్నాడా? ఇరవై రోజులుగా ఆ ప్రశ్న కూడా వచ్చి చేరింది.

వెళ్ళే రోజున సంచి భుజాన వేసుకుని ఇంకో మాట అన్నాడు. "తోటకెల్తే సుక్కని ఎంటబెట్టుకెల్లు. ఇది కూడా సరంగులాగే నిన్ను సూసుకుంటాది. నాకింక బెంగ నేదు." అలాగే బావా, అన్నాను.

ఇప్పుడు మళ్ళీ పండ్లు రాలుతున్నాయి. నలుగురితో కలిసే వెళ్తున్నాను. చుక్కని ఇంట్లో పెట్టి తలుపు వేసి వెళ్తున్నాను. నాకు ఎలుగు భయం కాదు. దానికి ఏదైనా అయి, అది నన్ను పిలిస్తే, నేను వెళ్తానా? ఆ ఆదివారం వెళ్ళనిదాన్ని, ఇప్పుడు వెళ్తానని ఏం నమ్మకం? మనిషి మారుతుందా, లేక వయసు మాత్రమే పెరుగుతుందా? నాకు తెలియదు. తెలియక ఒక పని చేస్తున్నాను. చుక్క ఎప్పుడు మూలిగినా లేచి వెళ్తున్నాను. చీమ కుట్టినా, ఊరికే గారానికి కూసినా, పొయ్యి మీద పప్పు మాడినా సరే. అక్క నవ్వుతుంది, దాన్ని చెడగొడుతున్నావని. ఇది ప్రాయశ్చిత్తం అనను. అంత పెద్ద మాటకి నేను తగను. కాళ్ళకి అలవాటు చేస్తున్నాను, అంతే.

బావకి చెబుతానా? ఈ కాగితాలు చూపిస్తానా? ఈ రోజు చెప్పలేను. చెబితే ఆయన రెండోసారి సరంగుని పోగొట్టుకుంటాడు, నన్ను కూడా. చెప్పకపోతే నేను ఇలాగే ఉంటాను. ఇందులో ఏది ఆయన మీద ప్రేమో, ఏది నా పిరికితనమో నన్నడగకండి. మీరు నన్ను క్షమించాలని కూడా రాయలేదు. క్షమించవలసింది సిమెంటు దిమ్మె కింద ఉంది. దానికి క్షమించడం తెలియదు, ఎందుకంటే కోపగించుకోవడమే తెలియదు.

గోడ మీద పేపరు ముక్కలో రాయనిది, పిల్లలకి చెప్పనిది, ఒక్కసారి తిన్నగా రాస్తాను. రాసి ఆపేస్తాను.

సరంగు నన్ను కాపాడలేదు. దాన్ని నేనే కట్టాను. అది నన్ను పిలిచింది. నేను వెళ్ళలేదు.

గొంతు కొంచెం వదులైనట్టుంది. పెరట్లో చుక్క మూలుగుతోంది, ఎందుకో. కలం ఇక్కడ పెట్టేసి వెళ్తున్నాను.